మూడు నెలలంటే 89 రోజులు

(2026 ఫిబ్రవరిలో, టొరంటో శివారులోని తెలుగు కుటుంబాల సమావేశంలో, పన్ను లెక్కలు చేసే ఒకరు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న లెక్క. పిల్లలు కూడా చెప్పవచ్చు. మామూలు సంవత్సరంలో ఫిబ్రవరి 27 నుంచి మే 27 వరకు ఎన్ని రోజులు? వెనక నుంచి ఎవరో తొంభై అన్నారు. ఇంకెవరైనా? ముందు వరుసలో ఒక అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెడుతోంది, ఆమెను కదిలించకండి. కాసేపట్లో మళ్లీ అక్కడికే వద్దాం. ఆ లెక్క తప్పినందుకు నాకు తెలిసిన ఒక అబ్బాయి 5,930 డాలర్లు వెనక్కి కట్టాడు.

ఈ నెలలో మీలో చాలామందికి ఆర్‌ఆర్‌ఎస్‌పీ గురించి, అంటే కెనడాలో ముసలితనం కోసం దాచుకునే ఖాతా గురించి, ఒకే రకం ఫోను వచ్చి ఉంటుంది. "సార్, ఆర్‌ఆర్‌ఎస్‌పీ గడువు దగ్గర పడింది. మీ దగ్గర డబ్బు లేకపోయినా ఫరవాలేదు, మేమే అప్పిస్తాం, ఆ అప్పుతో పొదుపు చేసుకోండి." మన నాన్నల తరానికి ఈ మాట చెబితే నవ్వుతారు. అప్పు చేసేది డబ్బు లేక, పొదుపు చేసేది డబ్బు మిగిలి. రెండూ ఒకే రోజు ఒకే మనిషి ఎలా చేస్తాడు? కానీ ఇక్కడ చేస్తారు. అందులో తెలివీ ఉంది, ప్రమాదమూ ఉంది. దాని మీద ఇంకో మెట్టు, ఆ అప్పు తెచ్చిన పొదుపును తీసి ఇల్లు కొనడం. దాన్ని గురించి మాట్లాడమనే నన్ను పిలిచారు.

కొత్తగా వచ్చినవారి కోసం రెండు ముక్కలు. ఆర్‌ఆర్‌ఎస్‌పీ 1957లో పుట్టింది. కంపెనీ పింఛను లేనివాళ్లు కూడా ముసలితనానికి దాచుకోవాలని పెట్టారు. అందులో వేసిన డబ్బును మీ ఆదాయంలోంచి తీసేసి పన్ను వేస్తారు, బయటకు తీసినప్పుడు ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. ఏటా ఎంత వేయవచ్చన్నదానికి హద్దు ఉంది. అంతకు ముందు సంవత్సరం సంపాదనలో 18 శాతం, 2025 సంవత్సరానికి అయితే గరిష్ఠంగా 32,490 డాలర్లు. మీకు కంపెనీ పింఛను పథకం ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ఈ హద్దును అందరూ రూమ్ అంటారు, నేను జాగా అంటాను. వాడుకోని జాగా వచ్చే ఏడాదికి మిగులుతుంది. 2025 లెక్కలో చూపించడానికి డబ్బు వేయాల్సిన చివరి రోజు ఈసారి మార్చి 2, ఎందుకంటే మార్చి 1 ఆదివారం.

ఇక 1992లో ప్రభుత్వం హోమ్ బయర్స్ ప్లాన్ అని ఒక కిటికీ తెరిచింది. ఇళ్ల మార్కెట్టు నీరసంగా ఉందని, తాత్కాలికమని చెప్పి తెచ్చారు. తాత్కాలికమన్నది ముప్పై ఏళ్లు దాటినా నడుస్తోంది. మొదటి ఇల్లు కొనేవాళ్లు ఆర్‌ఆర్‌ఎస్‌పీ నుంచి పన్ను పడకుండా డబ్బు తీసుకుని, తర్వాత 15 ఏళ్లలో తిరిగి వేసుకోవాలి. అప్పట్లో 20 వేల వరకు తీయనిచ్చేవారు. 2009లో 25 వేలు, 2019లో 35 వేలు, 2024 ఏప్రిల్ నుంచి 60 వేలు. భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా 60 వేలు. ఇండియాలో పీఎఫ్ నుంచి ఇంటికని తీసుకుంటే తిరిగి కట్టే పని లేదు. ఆ అలవాటుతోనే మనవాళ్లు చాలామంది ఇక్కడా తీసిందే లెక్క అనుకుంటారు. ఇక్కడ తీసింది బాకీ. ఇచ్చిందీ మీరే, పుచ్చుకుందీ మీరే, మధ్యలో చిట్టా రాసేది కెనడా రెవెన్యూ ఏజెన్సీ, అంటే ఇక్కడి పన్నుల శాఖ.

ఇప్పుడు బ్యాంకు చెప్పే చక్రం చూద్దాం. మన ఒంటారియో రాష్ట్రంలో ఒకతను. పన్ను పడే ఆదాయం 90 వేలు. పాత జాగా కూడా మిగిలి ఉంది కాబట్టి 20 వేలు వేసుకోవచ్చు. చేతిలో మాత్రం ఏమీ లేదు. బ్యాంకులో 20 వేలు అప్పు తీసుకుని అదే రోజు ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేశాడు. మార్చిలో పన్ను లెక్క దాఖలు చేశాడు. ఆదాయం 90 నుంచి 70 వేలకు దిగింది. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను శాతం మెట్లుమెట్లుగా పెరుగుతుంది; ఆ మెట్టు మీద ఫెడరల్, ఒంటారియో పన్నులు కలిపి 29.65 శాతం, అంటే 5,930 డాలర్లు రిఫండ్. తొంభై రోజులు గడిచాక (ఎందుకో తర్వాత చెబుతాను) ఇంటి పథకం కింద ఆ 20 వేలు బయటకు తీశాడు. మామూలుగా తీస్తే అంత మొత్తం మీద 30 శాతం అక్కడికక్కడే కోసి ఇస్తారు. ఈ పథకంలో కోత లేదు. ఆ డబ్బుతో బ్యాంకు అప్పు తీర్చేశాడు. ఆరు శాతం వడ్డీ అనుకుంటే వంద రోజులకు సుమారు 330. చేతిలో మిగిలింది 5,600.

ఇది చట్టవిరుద్ధమేమీ కాదు. మీ దగ్గర ఇల్లు కొనే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, తీసిన మరుసటి ఏడాది అక్టోబరు 1 లోపు ఇల్లు చేతికి రావాలి, ఏడాదిలోపు అందులో కాపురం ఉండే ఉద్దేశం ఉండాలి. తీసిన డాలరు నోటు సరిగ్గా ఇంటి యజమానికే వెళ్లిందా అని వెంటపడరు.

అయితే ఆ 5,600 ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఈ ప్రశ్న వేస్తే పది మందిలో తొమ్మిది మంది "ప్రభుత్వం ఇచ్చింది" అంటారు. ఇచ్చిన మాట నిజమే. ఎలా ఇచ్చిందో చూడండి. 20 వేలను 15తో భాగిస్తే ఏడాదికి 1,333. ఆ వాయిదా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేస్తే మళ్లీ పన్ను మినహాయింపు రాదు, ఒకసారి పొందారు కాబట్టి. వేయకపోతే జైల్లో పెట్టరు, జరిమానా కూడా లేదు. ఆ ఏడాది మీ ఆదాయంలో 1,333 కలుపుతారు, అంతే. అదే 29.65 శాతం పన్ను మెట్టులో ఉంటే 395 డాలర్లు. పదిహేనేళ్లు వరసగా కట్టకపోతే 395 చొప్పున పదిహేను సార్లు... గుణించి చూడండి. 5,930. తెచ్చిన రిఫండ్ పైసాతో సహా తిరిగి వెళ్లింది.

అంటే అసలు సంగతి ఇది. కట్టనివాడికి ఇది పదిహేనేళ్ల వడ్డీ లేని చేబదులు. బాగానే ఉందిగా అంటారా? నాకూ మొదట్లో అలాగే అనిపించింది. లెక్క కూడా తప్పేమీ కాదు, జీతం పెరిగి పై మెట్టుకు వెళ్లనంత వరకు. వెళితే తెచ్చినదానికన్నా ఎక్కువ కడతారు. కానీ ఆ 20 వేల జాగా మాత్రం శాశ్వతంగా పోయింది, మళ్లీ రాదు. ముసలితనానికి దాచింది సున్నా. అదే 20 వేలు లోపలే ఉండి ఏటా ఐదు శాతం పెరిగితే ముప్పై ఏళ్లకు 86 వేలు దాటుతుంది. దాన్ని ఇంటి గోడల్లో పెట్టాం, ఇల్లు కూడా పెరుగుతుందిగా అంటారు. పెరగవచ్చు. అరవై అయిదేళ్లకు గోడలోంచి రెండు ఇటుకలు పీకి కిరాణా కొట్టుకు తీసుకెళ్లలేం కదా. (నవ్వులు)

నేను బెదిరించడానికి చెప్పడం లేదు. ఈ చక్రం తిప్పి బాగుపడినవాళ్లు నాకు తెలుసు. వాళ్లందరిలో ఒక పోలిక ఉంది, రిఫండ్ వచ్చిన రోజే అది దేనికో రాసిపెట్టుకున్నవాళ్లు. రిఫండ్‌తో అత్తామామలకు విమాన టిక్కెట్లు కొన్నవాళ్ల సంగతి వేరు. టిక్కెట్లు కొనవద్దని కాదు, దాన్ని డౌన్ పేమెంటు అని పిలవవద్దని.

ఇంకో మాట. ఈ గదిలో చాలామందికి అసలు అప్పు అవసరమే లేదు. మన వాళ్ల సంగతి నాకు తెలియదా? ఇంటికని చెప్పి సేవింగ్స్ ఖాతాలో 30 వేలు, 40 వేలు మూలుగుతూ ఉంటాయి. ఆ డబ్బును నేరుగా డౌన్ పేమెంటుకు ఇచ్చేస్తారు. అదే డబ్బును, జాగా ఉన్నంత మేర, ఒక్క తొంభై రోజులు ఆర్‌ఆర్‌ఎస్‌పీ గుమ్మంలోంచి నడిపించి బయటకు తీసుకువస్తే ఆ రిఫండ్ అప్పు లేకుండానే వస్తుంది. వడ్డీ 330 కూడా మిగులుతుంది. బ్యాంకు ఈ సలహాతో ఫోను చేయదు, ఇందులో వాళ్లకు అప్పు పుట్టదు కాబట్టి. చెప్పడం మరిచాను, ఆర్‌ఆర్‌ఎస్‌పీ కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. షేర్లు కొనడానికి తెచ్చిన అప్పుకు ఉంటుంది కదా, దీనికీ ఉంటుందని చాలామంది భ్రమ.

ఇంకా ఇంటి అప్పు ఇచ్చేవాళ్లు మీ నెలవారీ వాయిదాలన్నీ కూడతారు. 20 వేల అప్పును ఐదేళ్ల వాయిదాకు పెట్టుకుంటే నెలకు సుమారు 387 డాలర్లు. ఇంటి అప్పు అడిగే రోజుకు అది ఇంకా మీ పేరు మీద ఉంటే ఆ మేరకు మీకు ఇవ్వగలిగిన అప్పు తగ్గుతుంది. ఇంటికోసం తెచ్చిన అప్పే ఇంటికి అడ్డం పడుతుంది. అందుకే ఈ అప్పు తెస్తే మూడు నాలుగు నెలల్లో తీరిపోయే దారి ముందే ఉండాలి.

ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. పాప, లెక్క తేలిందా? 89. శభాష్!

ఇది పోయిన సంవత్సరం సంగతి. అతనూ, భార్యా చిన్న టౌన్‌హౌస్ చూసుకున్నారు. మే నెలాఖరులో రిజిస్ట్రేషన్. ఫిబ్రవరి 27న బ్యాంకుకు వెళ్లి 20 వేలు అప్పు తీసుకుని ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేశాడు. అంతకు ముందు ఆ ఖాతాలో ఏమీ లేదు. మనిషి సాఫ్ట్‌వేర్ వాడు, తేదీలతోనే బతుకుతాడు. ఫోనులో మూడు నెలల తర్వాతకు గుర్తు పెట్టుకున్నాడు. ఫోను దాని పని అది చేసింది, మే 27 ఉదయం మోగింది. వెళ్లి ఇంటి పథకం కింద డబ్బు తీసే టీ1036 ఫారం నింపి ఇచ్చాడు, డబ్బు వచ్చింది, లాయరుకు పంపాడు, తాళాలు చేతికి వచ్చాయి, పాలు పొంగించారు. నేను కూడా వెళ్లి పులిహోర తిని వచ్చాను. ఎవరికీ అనుమానం రాలేదు.

నియమం ఏమంటుందంటే, డబ్బు తీయడానికి ముందు 89 రోజుల్లో వేసిన సొమ్మును, అదే మళ్లీ బయటకు పోతే, మినహాయింపుగా చూపకూడదు. ఫిబ్రవరి 27 సరిగ్గా ఆ 89వ రోజు. ఫిబ్రవరికి 28 రోజులే కావడంతో మూడు నెలలు తొంభైకి ఒక రోజు తక్కువ పడింది. ఖాతాలో పాత డబ్బు 20 వేలు ఉండి ఉంటే తీసింది పాతదే అని గట్టెక్కేవాడు. లేదు. మినహాయింపు మొత్తం పోయింది. మార్చిలోనే వచ్చి ఖర్చయిపోయిన రిఫండ్ తిరిగి కట్టాడు, దాని మీద వడ్డీతో.

ఆ తర్వాత కాగితాలు నా దగ్గరకు తెచ్చాడు. నేను అతన్ని ఒకటే అడిగాను, "ఇల్లు మీ పేరున మారిన తర్వాత కూడా 30 రోజుల వరకు ఈ డబ్బు తీయవచ్చని ఎవరూ చెప్పలేదా?" చెప్పలేదు. ఒక్క రోజుకు ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకున్నా సరిపోయేది. మే 28న తీసి ఉంటే ఈ కథే లేదు.

సరే, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అప్పు చేసి అయినా ఎక్కడో వేయాలనుకుంటే, ముందు ఆర్‌ఆర్‌ఎస్‌పీ కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ అని మొదటి ఇంటి పొదుపు ఖాతా వచ్చింది. ఏడాదికి 8 వేలు, జీవితకాలానికి 40 వేలు. వేసేటప్పుడు ఆర్‌ఆర్‌ఎస్‌పీ లాగే మినహాయింపు. ఇంటికి తీసేటప్పుడు పన్ను లేదు, పెరిగిన లాభం మీద కూడా. తొంభై రోజులు ఆగాల్సిన పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి వేయనక్కరలేదు. ఇల్లు కొనకపోతే జాగాతో పని లేకుండా ఆర్‌ఆర్‌ఎస్‌పీలోకి మార్చుకోవచ్చు. కాబట్టి 8 వేల అప్పు తెచ్చి అందులో వేస్తే వచ్చే రిఫండ్ నిజంగా మీదే, చేబదులు కాదు. రెండు పథకాలనూ ఒకే ఇంటికి వాడుకోవచ్చు.

ఇందులో ఒక మెలిక. జాగా ఖాతా తెరిచిన సంవత్సరం నుంచే మొదలవుతుంది. తెరవకుండా కూర్చుంటే పోగు పడదు. తెరిచి వాడకపోతే ఒక 8 వేల వరకు మరుసటి ఏడాదికి వస్తుంది. ఇంకా దీనికి మార్చి గడువు లేదు, డిసెంబరు 31తో సరి. ఖాతా లేనివాళ్లు రేపు తెరవండి, అందులో ఏమీ వేయకపోయినా సరే. ఇది ఇవాళ నేను చెప్పే మాటల్లో ఖర్చు లేనిది.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇది మరీ ఉపయోగం. పోయిన ఏడాది హైదరాబాదులో మీరు ఎంత సంపాదించారన్నది ఇక్కడ ఆర్‌ఆర్‌ఎస్‌పీ జాగాకు లెక్కలోకి రాదు. మొదటి సంవత్సరం మీ జాగా సున్నా. ఎవరో చెప్పారని అప్పు తెచ్చి వేసేస్తే, 2 వేలు దాటిన ప్రతి డాలరు మీద నెలకు ఒక శాతం జరిమానా. ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏకు సంపాదనతో పని లేదు, ఇక్కడి నివాసి అయి, మేజరై, మొదటి ఇల్లు కొనేవారైతే చాలు. మొదటి ఇల్లు అన్నదానికి కూడా అర్థం వేరు. జీవితంలో మొదటిది అని కాదు. ఈ ఏడాది, దానికి ముందు నాలుగేళ్లు మీరు గానీ, మీతో ఉన్న జీవిత భాగస్వామి గానీ సొంతదారుగా ఉన్న ఇంట్లో మీరు కాపురం ఉన్నారా అని చూస్తారు. రెండు పథకాలకూ షరతుల్లో చిన్న తేడాలున్నాయి. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్‌లో ఉంటూ ఉంటూ నేరుగా విమానం ఎక్కినవాళ్లు ఆ తేదీలు ముందే సరిచూసుకోండి. ఆ ఫ్లాట్ విదేశంలో ఉందిలే అని వదిలేయవద్దు.

తిరిగి వేయడం గురించి ఒక చిన్న సంగతి, ఇది ప్రతి ఏటా నా బల్ల మీదకు వచ్చేదే. కొంతమంది 1,333 బుద్ధిగా వేస్తారు. కానీ పన్ను పత్రంలో షెడ్యూల్ 7లో "ఇది ఇంటి పథకం వాయిదా" అని రాయరు. అప్పుడది మామూలు పొదుపుగా పోతుంది, వాయిదా కట్టనట్టే ఆదాయంలో కలుస్తుంది. డబ్బు వేసీ పన్ను కట్టడం అంటే ఇదే. 2022 నుంచి 2025 చివరి వరకు డబ్బు తీసినవాళ్లకు వాయిదాలు ఐదో ఏట మొదలవుతాయి. 2025లో తీసినవాళ్లకు 2030. ఆ వెసులుబాటు కిటికీ దాటాక పాత పద్ధతే, రెండో ఏట నుంచి.

ఇంకా అమెరికా వెళ్లిపోయేవాళ్లు, ఇంటికి తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. మీరు కెనడా నివాసి కాకుండా పోతే మిగిలిన బాకీ మొత్తం 60 రోజుల్లో, ఆ ఏటి పన్ను పత్రం అంతకన్నా ముందే దాఖలు చేస్తే ఆలోపే, తిరిగి వేయాలి. లేదా ఆ ఏడాది ఆదాయంలో ఒక్కసారే కలుస్తుంది. పదిహేనేళ్ల వాయిదా అనేది ఇక్కడ ఉండేవాళ్లకే.

ఇక ప్రశ్నలు. చెప్పండి అమ్మా.

(ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ ఇల్లు కొంటున్నాడు. 7 లక్షల డాలర్లు. గుంటూరు దగ్గర స్థలం అమ్మి కొంత ఇద్దామనుకుంటున్నాం. అప్పు చేయడం కన్నా అది మేలు కదా బాబూ?)

మేలే అమ్మా. 7 లక్షల ఇంటికి కనీస డౌన్ పేమెంటు, మొదటి 5 లక్షల మీద ఐదు శాతం, ఆపై 2 లక్షల మీద పది శాతం. పాతిక వేలు, ఇరవై వేలు, మొత్తం 45 వేల డాలర్లు. తల్లిదండ్రులు బిడ్డకు ఇచ్చే డబ్బు మీద ఇక్కడ బహుమతి పన్ను లేదు. అప్పు ఇచ్చేవాళ్లు మాత్రం ఇది తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బు అని మీ సంతకంతో ఒక ఉత్తరం అడుగుతారు. అటు ఇండియా నుంచి పంపడానికి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఒక మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల వరకు వీలుంది, మీకది చాలు. స్థలం అమ్మిన లాభం మీద పన్ను అక్కడి ఆడిటరును అడగండి.

అయితే మీ అబ్బాయికి ఆర్‌ఆర్‌ఎస్‌పీ జాగా ఉంటే ఆ డబ్బు కూడా దాని గుండా నడిపించవచ్చు. రిజిస్ట్రేషన్ ఎప్పుడు?

(జవాబు: జూన్ 10న అంటున్నాడు.)

స్థలం డబ్బు ఎప్పుడు వస్తుంది?

(జవాబు: మార్చి నెలాఖరుకు.)

మార్చి 31 అనుకుందాం. ఈ ఏటి గడువు దాటాక వస్తోంది కాబట్టి రిఫండ్ వచ్చే ఏడాది లెక్కలో వస్తుంది. డౌన్ పేమెంటుకు అందదు, కానీ మొదటి వాయిదాలకు అక్కరకొస్తుంది. ఆ డబ్బు అదే రోజు వేసినా జూన్ 29కి ముందు ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ జూన్ 10, దానికి 30 రోజులు కలిపితే జూలై 10 వరకు తీయవచ్చు. అంటే మీ వాడికి జూన్ 29 నుంచి జూలై 10 వరకు, ఆ రెండు రోజులూ కలిపి, పన్నెండు రోజుల సందు ఉంది. జూన్ 10న లాయరుకు ఇవ్వాల్సిన డబ్బు మాత్రం వేరే చోట సర్దుకోవాలి. అది కుదరదంటే ఆర్‌ఆర్‌ఎస్‌పీ జోలికి వెళ్లకుండా నేరుగా ఇచ్చేయండి. ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ ఖాతా ఉందా అతనికి?

(జవాబు: ఏమో బాబూ, అడగాలి.)

ఫోను చేయండి, నేను ఇక్కడే ఉంటాను.